చుక్కల గీత

మార్చి 3

కింది గదిలో బాత్రూం పూర్తయింది. అత్తయ్యకి ఇక రోజుకి ఆరుసార్లు మెట్లెక్కే బాధ లేదు. "అమ్మకి ఇకపై పైకి రావాల్సిన పనే లేదు" అని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు, కనబడనివాళ్ళకి ఫోన్ చేసి చెప్పారు.

మాకున్న రెండు గదులూ పైనే. అత్తయ్య మా దగ్గరికొచ్చిన రెండేళ్ళ నుంచీ ఉండేది భూమిలోకి సగం దిగిన ఆ కింది గదిలోనే. దానికి ఒకటే కిటికీ, అదీ కప్పుకి దగ్గరగా. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఆ చెప్పుల్ని బట్టి ఎవరు పోతున్నారో అత్తయ్య చెప్పేస్తుంది. ఇన్నాళ్ళూ బాత్రూంకని పైకి వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మం దగ్గర ఆగి ఆ చెప్పుల కబుర్లన్నీ నాకు చెప్పి వెళ్ళేది. ఇక ఆ పని కూడా లేదు.

సాయంత్రం ప్రారంభోత్సవం. ఆయన కొళాయి తిప్పి చూపించారు, షవరు తిప్పి చూపించారు, చివరికి ఫ్లష్ నొక్కి "చూడమ్మా, ఒక్క నొక్కుకే" అన్నారు. నిజంగానే ఒక్క నొక్కుకే పోయింది. పోతూ పోతూ షవరు కింద జాలీలోంచి గుడగుడమని పెద్ద చప్పుడు.

"అదేంట్రా?" అంది అత్తయ్య.

"కొత్త కదమ్మా, సర్దుకుంటుంది."

పైపులు కూడా కొత్త కోడళ్ళే కాబోలు, సర్దుకోవడానికి.

మార్చి 5

కింద ఏదో వాసన. రంగు వాసన అన్నారాయన. అయి ఉంటుంది. అత్తయ్యని అడిగి లాభం లేదు, నాలుగేళ్ళ కిందట వచ్చిన జ్వరంతో ఆవిడకి వాసన తెలియడం పోయింది.

మార్చి 6

రంగు వాసన కాదు.

మార్చి 7

నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి సెలవు పెట్టి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక పైపుల మేస్త్రికి ఫోన్ చేశాను. వచ్చాడు. బాత్రూంలోకి వెళ్ళి ముందు నేల చూడలేదు, కప్పు వంక చూశాడు. నాలుగు మూలలూ చూసి బయటికొచ్చి అడిగాడు.

"గాలి గొట్టం ఏదమ్మా?"

నేను తెల్లమొహం వేశాను. మేస్త్రి మెట్ల మీద కూర్చుని చేతులతో గాలిలో బొమ్మ గీస్తూ చెప్పాడు. "ప్రతి జాలీ కిందా పైపు ఒక వంపు తిరుగుతుందమ్మా. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే మూత. మురుగు గాలి గదిలోకి రాకుండా అడ్డం. ఇప్పుడు ఫ్లష్ కొట్టారనుకోండి, అన్ని నీళ్ళు ఒక్కసారి కిందికి పోతుంటే వాటి వెనకాల గాలి కావాలి. డాబా మీదికి గొట్టం ఉంటే అందులోంచి వస్తుంది. లేకపోతే దగ్గర్లో ఏది దొరికితే దాన్ని లాక్కుపోతాయి. మీ షవరు వంపులో నీళ్ళు పోతున్నాయి. మూత పోయాక ఇంకేముంది, వీధి మురుగంతా మీ గదిలోనే ఉన్నట్టు."

"మరి గొట్టం ఎందుకు వెయ్యలేదు?"

"నేను గీసిచ్చాను కదమ్మా. పని మధ్యలో వేరే సైటుకి వెళ్ళాల్సొచ్చింది. మా వాళ్ళు అడిగితే సారు చుక్కల గీత అక్కర్లేదన్నారంట. నీళ్ళ పైపు నిండు గీత, గాలి పైపు చుక్కల గీత. మా పనిలో అందరం అట్లాగే గీస్తాం."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఆయన ఉద్యోగం లైసెన్సుల ఆఫీసులో. వాళ్ళ ఫారాల్లో చుక్కల గీత అంటే ఉంటే రాయండి, లేకపోతే వదిలెయ్యండి అని. పాతికేళ్ళుగా చుక్కల గీతలు ఖాళీగా ఉన్న ఫారాల మీద ముద్ర వేసిన మనిషి, మా ఇంటి గాలిని కూడా ఖాళీగా వదిలేశారు.

వెళ్ళబోతూ మేస్త్రి గొంతు తగ్గించాడు. "పెద్దావిడ పడుకునే గది. తలుపులేసుకుని ఆ గాలి పీల్చడం మంచిది కాదమ్మా. తలనొప్పితో పోతే అదృష్టం."

మార్చి 8

చెప్పాను. ఆయన లేచి ఫైలు తీశారు. మా ఇంట్లో ప్రతిదానికీ ఫైలుంది. మేస్త్రి గీసిన కాగితం తీసి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశారు.

"ఇది ఐచ్ఛికం."

"ఐచ్ఛికమని ఎక్కడుంది అందులో?"

"తప్పనిసరైతే నిండుగా గీసేవాడు."

ఈ మనిషితో నేను ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను.

గొట్టం పైకి వెళ్ళాలంటే హాలు గోడ పగలగొట్టాలి. ఆ గోడకే ఆయన రెండేళ్ళ ఆదివారాలు ధారపోసి స్వయంగా చేసుకున్న పుస్తకాల బీరువా ఉంది, నేల నుంచి కప్పు దాకా. అది కదిలితే ఆయన కదిలిపోతారు. చివరికి ఆయనే తేల్చారు. జాలీలో ఎప్పటికప్పుడు ఒక మగ్గు నీళ్ళు పోస్తే మూత మళ్ళీ నిండుతుంది. అంతే కదా. దానికి గోడలు పగలగొట్టడమెందుకు?

"అయితే అత్తయ్యకి చెబుతాను, వెళ్ళినప్పుడల్లా ఒక మగ్గు పొయ్యమని."

"అమ్మకి చెప్పకు." ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. "అమ్మ కోసం కట్టించాను. అందులో తప్పుందని అమ్మకి తెలియకూడదు."

కోపం రావాల్సిన చోట జాలి వేసింది. అదే నా జబ్బు. పోస్తానన్నాను.

మార్చి 12

ఉత్తరం వచ్చింది. షాపు అడ్రసుకి. కళ్ళద్దాల షాపు ఓనరు కవరు నా చేతిలో పెట్టి, చదివేదాకా ఎదురుగానే నిలబడ్డాడు.

కంటి ఆసుపత్రిలో కృత్రిమ కళ్ళు తయారుచెయ్యడం నేర్పుతారట. కన్ను పోయినవాళ్ళకి రెండో కంటికి సరిగ్గా జోడీ కుదిరేలా కనుపాప రంగులు చేత్తోనే వెయ్యాలి. నేను కాలక్షేపానికి పాత లెన్సుల మీద వేసిన కనుపాపలు చూసి, మా షాపుకి వచ్చే డాక్టరమ్మ నాకు చెప్పకుండానే అక్కడికి పంపించింది. వాళ్ళు నన్ను ఎంచుకున్నారు. ఏప్రిల్ పద్నాలుగో తారీకు నుంచి మూడు నెలలు, వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండి. వస్తానో రానో ఏప్రిల్ ఏడులోగా చెప్పాలి.

పదిహేడేళ్ళుగా ఫ్రేముల మరలు బిగిస్తున్నాను. ఎవరైనా నన్ను ఎంచుకోవడం ఇదే మొదటిసారి. ఇవాళ రోడ్డు దాటుతూ నాలో నేనే నవ్వుకున్నాను, స్కూటరువాడు తిట్టాడు.

రేపు జవాబు రాస్తాను.

మార్చి 14

పొద్దున ఆరింటికి ఒకటి. ఎనిమిదిన్నరకి ఒకటి, షాపుకి వెళ్ళేముందు. మధ్యాహ్నం భోజనం వేళ పరుగెత్తుకొచ్చి ఒకటి. సాయంత్రం వస్తూనే ఒకటి. తర్వాత రెండు.

వెళ్ళినప్పుడల్లా ఒక సాకు. జాలీలో జుట్టుందేమో చూడాలి. సబ్బు మరక కడగాలి. ఇవాళ సాకు దొరక్క "ఊరికే" అన్నాను.

"బాత్రూంలోకి ఊరికే వెళ్ళేవాళ్ళని నిన్నే చూస్తున్నాను" అంది అత్తయ్య.

వాసన మాత్రం లేదు. మగ్గు పనిచేస్తోంది.

మార్చి 15

ఏడుసార్లు.

మార్చి 16

ఆదివారం. ఎనిమిది. పొద్దున చెల్లెలు ఇంటికి రమ్మంది, వెళ్ళలేదు. వెళ్ళి కూర్చుంటే మనసంతా జాలీ మీదే ఉంటుంది.

మార్చి 20

ఆయనకి ఉత్తరం చూపించాను. మొత్తం చదివారు, తేదీలు రెండోసారి చదివారు.

"మంచిదే. వెళ్ళు."

"వెళ్ళనా?"

"నేనెప్పుడన్నా నిన్ను వద్దన్నానా? నీళ్ళ సంగతి మాత్రం ఏదో ఒకటి చూసి వెళ్ళు."

తలుపు తీసి పట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డట్టు. పోట్లాడదామంటే పోట్లాడ్డానికి ఏమీ అనలేదాయె. కక్కలేక మింగలేక గిన్నెలు తోముకున్నాను. ఒక గ్లాసు పగిలింది. దానికదే పగిలింది.

మార్చి 23

మేస్త్రి వీధిలో ఎదురయ్యాడు. పెద్దావిడ ఎలా ఉందని అడిగాడు. మగ్గు సంగతి చెబితే నెత్తి కొట్టుకున్నాడు.

"గోడ పగలగొట్టకుండా ఒక దారుందమ్మా. పైకి గొట్టం వెయ్యడమే అసలు పద్ధతి, అది కుదరకపోతే ఇది. బేసిన్ వెనకాల పైపుకి ఒక చిన్న మూత బిగిస్తాం. అది గాలిని లోపలికి పీలుస్తుంది, బయటికి వదలదు. పూట పని. ఎప్పుడు రమ్మంటారు?"

"ఫోన్ చేస్తాను."

"ఇప్పుడే చెప్పండి, రేపు ఖాళీనే."

"లేదు, నేనే ఫోన్ చేస్తాను."

మార్చి 24

ఫోన్ చెయ్యలేదు. షాపులో రద్దీ.

మార్చి 26

ఫోన్ చెయ్యలేదు. ఆయన్ని అడక్కుండా ఇంట్లో పని పెట్టించడం మర్యాద కాదు.

మార్చి 27

అడగలేదు. ఆయనకి ఆఫీసులో తనిఖీలు, చిరాగ్గా ఉన్నారు.

మార్చి 28

అయినా ఆ చిన్న మూతని నమ్మడం ఎలా? అది ఎప్పుడో పాడై, నేను ఊళ్ళో లేనప్పుడు ఆ గాలంతా గదిలో నిండితే? అత్తయ్యకి తెలియనైనా తెలియదు. నేను ఉండగా అయితే ఆవిడకి బదులు నా ముక్కు ఉంది.

మార్చి 30

రంగులు తీశాను. చాలా రోజులైంది. కనుపాప చుట్టూ ఉండే సన్నటి గీతలు, వెంట్రుకలో సగం ఉంటాయి, లోపలి నుంచి బయటికి ఒక్క ఊపులో లాగాలి. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ చెయ్యి వణికింది. మూడోది చేప కన్నులా ఉంది. అలాంటి కన్ను పెట్టుకుని ఎవరైనా పెళ్ళికి వెళ్తే పెళ్ళివారు పారిపోతారు.

నలభై ఏడేళ్ళు నాకు. అక్కడ అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళే ఉంటారు. హాస్టల్లో ఒక గదికి ముగ్గురట.

ఏదేమైనా అత్తయ్యని ఈ స్థితిలో వదిలి ఎలా వెళ్తాను? మనిషన్నాక బాధ్యతలుంటాయి. ఈ మాట నిన్న షాపులో ఓనరుతో అన్నాను, అయ్యో పాపం అన్నాడు. ఆ పాపం నాకు హాయిగా అనిపించిందని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏడుసార్లు.

ఏప్రిల్ 2

జవాబు రాశాను. "ఇంటి పరిస్థితుల వల్ల రాలేకపోతున్నాను. పెద్దవారిని చూసుకోవాల్సిన బాధ్యత నా మీద ఉంది." అక్షరాలు బాగా కుదిరాయి, చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. కవరులో పెట్టి బ్యాగులో పెట్టుకున్నాను. పోస్టు చెయ్యలేదు.

మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళినప్పుడు అత్తయ్య అడిగింది. "ఆ కళ్ళ చదువు సంగతి ఏం చేశావు? వాడు చెప్పాడు."

"వెళ్ళడం లేదత్తయ్యా. మిమ్మల్ని వదిలి ఎలా వెళ్ళను?"

ముద్ద చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూసింది. కిటికీలోంచి ఎవరివో చెప్పులు పోతున్నాయి, ఎవరివని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఏప్రిల్ 4

షాపులో కరెంటు పోయింది, నాలుగింటికే వచ్చేశాను. నేరుగా కిందికి దిగాను. గది తలుపు తీసే ఉంది, అత్తయ్య మంచం మీద లేదు. బాత్రూంలోకి తొంగి చూశాను.

అత్తయ్య ఎడమచేత్తో గోడ పట్టుకుని, వంగలేని మోకాళ్ళని సగం వంచి, జాలీలో మగ్గుతో నీళ్ళు పోస్తోంది. చూసి ఉలిక్కిపడలేదు. మగ్గు బోర్లించి, "వచ్చావా" అంది.

"మీరెందుకు పోస్తున్నారు?"

"నువ్వెందుకు పోస్తున్నావో అందుకే."

మంచం దాకా నడిపించాను. కూర్చుంది, మోకాళ్ళు రాసుకుంది, ఊపిరి అందుకుంది.

"మీకు ఎలా తెలిసింది?"

"బాత్రూం తెరిచిన మూడో రోజే కంపు కొట్టింది. ఫ్లష్ కొడితే అక్కడ గుడగుడమంటోంది, కంపు అక్కణ్ణించే వస్తోంది. నీళ్ళు పోసి చూశాను, ఆగింది. దీనికి పెద్ద చదువు కావాలా?"

"మీకు వాసన తెలియదు కదా."

"జ్వరం తగ్గిన ఆర్నెల్లకి తిరిగొచ్చింది. ఎవరడిగారు నన్ను?"

నిజమే. నాలుగేళ్ళలో ఎవరం అడగలేదు.

"చెప్పొచ్చు కదత్తయ్యా."

"వాడు అంత సంబరంగా కట్టించాడు. ఊరందరికీ ఫోన్లు చేశాడు. కంపు కొడుతోందిరా అని ఏ నోటితో చెప్పను? వాడికి తెలియకూడదని నేను, నాకు తెలియకూడదని మీరు. బాగానే ఉంది మన సంసారం."

రోజుకి ఎన్నిసార్లు అని అడిగాను. వెళ్ళినప్పుడల్లా, అంది. పైన మేము ఫ్లష్ కొట్టినా ఒక్కోసారి ఇక్కడ గుడగుడమంటుందట. అప్పుడు కూడా లేస్తుందట. అందుకే నెల రోజులుగా నిద్ర ముక్కలు ముక్కలైపోయిందట. మధ్యాహ్నం పక్కింటావిడ వీధి చివరి దాకా నడుద్దాం రమ్మంటే వెళ్ళడం లేదట, తను లేనప్పుడు ఎవరైనా దిగి ఆ వాసన చూస్తే కొడుకు పరువు పోతుందని. నేను రోజుకి ఏడుసార్లు దిగి పోసిన నీళ్ళన్నీ అప్పటికే నిండి ఉన్న వంపులో పడ్డాయన్నమాట. నా మగ్గు వల్ల ఎవరికీ ఒరిగింది లేదు.

డెబ్బై మూడేళ్ళ మనిషి నెల రోజులుగా ఒక జాలీకి కాపలా కాస్తోంది. అందులో పన్నెండు రోజులు నా పుణ్యమే. మేస్త్రి వీధిలో నిలబడి రేపే వస్తానన్నాడు. నేను ఫోన్ చెయ్యలేదు. షాపులో రద్దీ అని రాసుకున్నాను, మర్యాద కాదని రాసుకున్నాను, మూతని నమ్మలేనని రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే నా చేతిరాతే నాకు సిగ్గుగా ఉంది.

ఆ సంగతి అత్తయ్యకి చెప్పేశాను. మేస్త్రి చెప్పిన మూత, పూట పని, పన్నెండు రోజులు, అంతా. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సరే, చెయ్యలేదు. నన్ను మాత్రం అడ్డం పెట్టుకోకు. నా పేరు చెప్పి ఆగిపోతే, నేను బతికున్నన్నాళ్ళూ నీ మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది నాకు."

అక్కడే, ఆవిడ ఎదురుగానే, ఫోన్ చేశాను.

ఏప్రిల్ 5

మేస్త్రి తొమ్మిదింటికి వచ్చి పదకొండింటికి వెళ్ళాడు. బేసిన్ వెనక పిడికిలంత తెల్లటి మూత. ఫ్లష్ కొట్టి చూపించాడు. చప్పుడు లేదు. జాలీలో టార్చి వేసి చూస్తే వంపులో నీళ్ళు నిలకడగా మెరుస్తున్నాయి. అత్తయ్య తను కూడా ఒకసారి కొట్టింది, తృప్తికి.

ఆయన రాగానే చెప్పాను. ఎవరు ఎన్ని మగ్గులు పోశారో కూడా చెప్పాను. వాళ్ళమ్మ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలో మెల్లగా వెనక్కి వాలిపోయారు. కిందికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను దిగలేదు. పైకి వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫైలు తీసి, మేస్త్రి కాగితం బల్ల మీద పరిచి, పెన్నుతో చుక్కల గీతలో ఖాళీలన్నీ ఒక్కొక్కటే కలిపి నిండు గీత చేశారు. పక్కన తేదీ వేశారు. రికార్డు సరిచేశారన్నమాట. డాబా మీదికి గొట్టం మాత్రం ఇప్పటికీ లేదు.

"వేసవి వెళ్ళాక బీరువా విప్పుతాను" అన్నారు, నాతో కాదు, బీరువాతో.

ఏప్రిల్ 6

ఇవాళ ఒక్కసారి కూడా పొయ్యాల్సిన పని లేదు. అయినా ఆరింటికే మెలకువ వచ్చింది. కాళ్ళు మెట్ల దాకా వెళ్ళాయి.

ఆయన ఏమీ అడ్డం చెప్పడం లేదు. అత్తయ్య నిన్న హాయిగా నిద్రపోయిందట. ఓనరు మూడు నెలలకి ఎవర్నో చూసుకుంటానన్నాడు. నేను వెళ్ళకుండా ఉండడానికి ఇప్పుడు ఒక్క కారణం కూడా లేదు. పొద్దుటినుంచి ఇంకొకటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను.

రేపే ఆఖరు. బ్యాగులో కవరు అలాగే ఉంది.

ఏప్రిల్ 7

పొద్దున పోస్టాఫీసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. షాపుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం అత్తయ్య మెట్లెక్కి పైకి వచ్చింది, నెల తర్వాత మొదటిసారి. రావాల్సిన పనేమీ లేకపోయినా వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ చూస్తుండగానే ఫోన్ తీశాను.

అవతల ఎవరో అమ్మాయి. "మీ తర్వాత ఇంకొకరు వెయిటింగ్‌లో ఉన్నారండీ. వస్తున్నారా, లేదా?"

ఆ అమ్మాయి రెండుసార్లు "హలో" అంది.

"వస్తున్నాను" అన్నాను.

పెట్టేశాక చేతులు వణకడం మొదలైంది, ఫోన్ బల్ల మీద పెట్టినా ఆగలేదు. అత్తయ్య ఆ చేతుల వంక చూసి, తర్వాత నా మొహం వంక చూసింది.

"నాకు భయంగా ఉందత్తయ్యా. మొదటినుంచీ భయమే."

"ఆ ముక్క అప్పుడే చెబితే పోయేదిగా" అంది అత్తయ్య. "అన్ని నీళ్ళు మిగిలేవి."